ఏడో గడి

పేరు: మెర్సలీన్ వల్మాన్.
వయసు దగ్గర అత్త ఆగింది.
"పెద్ద తుఫాను ఏడు నాకు నడకొచ్చిందట" అంది.
ఏ పెద్ద తుఫాను అంటే
వేళ్లు మడుచుకుంటూ పోయి, ఒక చెయ్యి అయిపోయాక నవ్వేసింది.
డొమినికాలో పంచాంగం రాసేది గాలే.
అరవై రెండు అని వేశాను.

ఊరు: సినెకు, కలినాగోల కొండవాలు.
ఇల్లు:
నీలం టార్పాలిన్ అని రాయొచ్చో లేదో
అడుగుదామంటే ఫోను టవరు కూడా
లోయలో బోర్లా పడుకుని ఉంది.

నాలుగో గడి, వృత్తి.
కళాకారిణి అని రాయనా అత్తా,
ఫారంలో వాళ్ల మాట అదే.
"ఆ మాటకి ఎక్కువిస్తారా?"
ఇవ్వరు. అందరికీ ఎనిమిది వందలే, మన డాలర్లలో.
"అయితే బుట్టలల్లుతుందనే రాయి."

ఎన్నేళ్లుగా?
ఎడమ బొటనవేలు నా ముందు పెట్టింది.
లారూమా రెల్లుని నిలువునా చీల్చి చీల్చి
గోరు నడుమ పడిన గాడి.
దాన్ని ఏళ్లలోకి మార్చడం నాకు చేతకాలేదు.

ఆరో గడికి చాలాసేపు పట్టింది:
ముడిసరుకు నష్టం, విలువ అంకెల్లో.
లారూమాని ఎవరూ కొనరు.
పై వాగు పక్క వాళ్లమ్మ నాటిన దుబ్బులు,
కోసేకొద్దీ పిలకలేసేవి,
కొండచరియతో పాటే జారి సముద్రంలో కలిశాయి.
అత్త పెదవులతో లెక్కేసుకుంది.
నాటితే మళ్లీ కత్తి పెట్టేదాకా పద్దెనిమిది నెలలు.
"డాలర్లు కాకుండా నెలలు రాస్తే ఒప్పుకుంటారా?"

తర్వాత, అడక్కుండానే, బురద గురించి చెప్పింది.
నలుపు కావాలంటే రెల్లుని బురదలో పాతాలి
ఎనిమిది రోజులు, ఆ ఒక్క మడుగులోనే.
ఎరుపు కావాలంటే ఎండకి వదిలేయాలి.
తెలుపు దాని లోపలే ఉంటుంది, గీకితే చాలు.
"ఇప్పుడు ఊరంతా బురదే,
పాతడానికి ఒక్క పుల్ల లేదు" అని
పడీ పడీ నవ్వింది.
నేను తలొంచుకుని కలం మూత వెతుక్కున్నాను.

ఏడో గడి: పనికి ఆధారం. ఫోటోలు జతచేయండి.
ఫోటోలు ఫోనులో, ఫోను వాగులో.
అమ్మిన బుట్టలేమో ఓడెక్కి పోయాయి,
ఏ దేశపు వంటింట్లో ఉల్లిపాయలు మోస్తున్నాయో.
ఖాళీగా వదిలేద్దామా అన్నాను.
అల్లికలో ఒక గడి తప్పితే
మొత్తం విప్పి మళ్లీ మొదలెట్టే మనిషి
నన్ను వింతగా చూసింది.

లేచి, టార్పాలిన్ మూల నుంచి
మూతబుట్ట ఒకటి తెచ్చింది.
రెండు పొరల అల్లిక, పొరల మధ్య బలిజియే ఆకు,
వాన చొరకుండా పాతవాళ్లు పట్టిన కిటుకు.
కప్పు లేచిపోయిన ఆ రాత్రి నుంచి
మూడు రోజులు ఇది నీళ్లలోనే తిరిగిందట.
మూత తీసింది.
బాప్టిజం కాగితం.
పోయిన మామయ్య, పెళ్లి కోటులో, బిగుసుకుపోయి.
ఒక అగ్గిపెట్టె.
పుల్ల గీసింది.

వెలిగింది.

దీన్నెక్కడ అతికించను?
వెలుగు ఆరేలోపు బాప్టిజం కాగితం చదివి
అరవై రెండు కొట్టేసి అరవై ఏడు చేశాను.

డబ్బు నాలుగు నెలలకొచ్చింది.
ఒక కత్తి, రబ్బరు బూట్లు,
గాలి తగలని అవతలి లోయ నుంచి
పిలకలు మోసుకొచ్చిన వ్యానుకి కిరాయి.
మిగతాదేం చేసిందో చెప్పలేదు.
పాతికేళ్లుగా తనతో మాటల్లేని యుడోరా గుమ్మంలో
మర్నాడు పొద్దున్న
తడి గోనె చుట్టిన పిలకల కట్ట ఒకటి ఉంది.

ఏడాదికి ఇంకో ఫారం వచ్చింది, ఒకే పేజీ.
మా సాయంతో తయారైన వస్తువులు ఎన్ని?
సున్నా.
పక్కన చోటుంటే నాటినవి రాయమంది.
నూట నలభై అని రాశాను.
"నూట ముప్పై ఆరు. నాలుగు మేక తినేసింది."
దిద్దాను.
"మేక యుడోరాది" అంది,
కాసేపాగి,
"అది మాత్రం రాయకు."